భాగం - 9: పాట ఎవరిది? దొంగ ప్రతులు, డౌన్‌లోడ్లపై ఒక విమర్శనాత్మక పరిశీలన

9.0 లక్ష్యాలు

ఈ భాగాన్ని చదివిన తరువాత మీరు:
• పైరసీ, బూట్‌లెగ్, అనధికార డౌన్‌లోడ్ అనే మాటల మధ్య తేడాను చెప్పగలుగుతారు.
• అనుమతి లేని ప్రతి వల్ల కళాకారులు, సంగీత సంస్థలు, శ్రోతలు వేరువేరుగా ఎలా ప్రభావితమవుతారో వివరించగలుగుతారు.
• 1957 కాపీరైట్ చట్టానికి 2012లో చేసిన సవరణ ఈ చర్చను ఎలా మార్చిందో విశ్లేషించగలుగుతారు.
• 'కళాకారుడికి నష్టం' అనే వాదాన్ని పరీక్షించి, సొంత అభిప్రాయం ఏర్పరచుకోగలుగుతారు.

9.1 పరిచయం

మీ దగ్గర పాత మెమొరీ కార్డు గాని, పెన్‌డ్రైవ్ గాని ఉంటే ఒకసారి తెరిచి చూడండి. అందులో ఒక తెలుగు సినిమా పాటను ఎంచుకొని, ఆ ఫైలు వివరాలు చదవండి. 'కళాకారుడు' అనే గడిలో ఎవరి పేరుంది? పాడినవారి పేరు ఉండవలసిన చోట చాలాసార్లు ఏదో వెబ్‌సైటు పేరు కనిపిస్తుంది. పాటను ఉచితంగా పంచిపెట్టినవారు, పాడినవారి పేరు తుడిచి తమ పేరు రాసుకున్నారన్నమాట.

దీని పక్కన మరొక దృశ్యాన్ని పెట్టి చూద్దాం. 1902 నవంబరులో ఫ్రెడ్ గైస్‌బర్గ్ అనే రికార్డింగు నిపుణుడు కలకత్తాలో గౌహర్ జాన్ పాటలను రికార్డు చేశాడు. మన దేశంలో జరిగిన తొలి వాణిజ్య రికార్డింగులలో అవి ముఖ్యమైనవి. పాట ముగియగానే ఆమె తన పేరును తానే ప్రకటించేవారు. రికార్డులను అచ్చుపోసేది జర్మనీలోని హానోవర్‌లో కాబట్టి, అక్కడి సిబ్బంది గాయని పేరును గుర్తుపట్టి లేబులు మీద వేయడానికి ఈ ఏర్పాటు చేశారని చెబుతారు. కారణం ఏదైనా ఫలితం గమనించండి. ఆ రికార్డుకు ఎవరు ఎన్ని నకళ్లు తీసినా, పాడినామె పేరు పాటతోపాటే ప్రయాణం చేస్తుంది.

సుమారు నూరేళ్ల ఎడంలో ఉన్న ఈ రెండు దృశ్యాల మధ్య ఏం జరిగింది? పాటల పైరసీ గురించి సాధారణంగా డబ్బు లెక్కలతోనే చర్చ జరుగుతుంది. సంస్థలు తమకు ఇంత నష్టమని చెబుతాయి. శ్రోతలు ధర ఎక్కువని చెబుతారు. ఈ ఇద్దరి మధ్య పాట రాసినవారు, బాణీ కట్టినవారు, పాడినవారు ఎక్కడున్నారని అడిగేవారు తక్కువ. ఈ భాగంలో మనం ఆ ప్రశ్నను పట్టుకొని ముందుకు వెళ్దాం.

9.2 మూడు మాటలు, మూడు పనులు

వాడుకలో అన్నిటినీ కలిపి 'పైరసీ' అంటున్నాం. విమర్శకు దిగేముందు మాటలను విడదీసుకోవాలి.

పైరసీ ప్రతి: మార్కెట్లోకి అప్పటికే వచ్చిన రికార్డును హక్కుదారు అనుమతి లేకుండా నకలు తీసి అమ్మడం. అసలు ప్రతి అని భ్రమపడేలా అట్టను, లేబులును కూడా అనుకరిస్తే అది నకిలీ ప్రతి అవుతుంది.

బూట్‌లెగ్: కళాకారుడు గాని, సంస్థ గాని అసలు విడుదలే చేయని సంగీతాన్ని రహస్యంగా రికార్డు చేసి, లేదా సంపాదించి, బయట పెట్టడం. కచేరీలో దాచిపెట్టిన టేపు రికార్డరు దీనికి మంచి ఉదాహరణ. ఒకప్పుడు అమెరికాలో మద్యాన్ని బూటులో దాచి తరలించేవారు. ఈ మాట అక్కడి నుంచి వచ్చింది.

అనధికార డౌన్‌లోడ్: ఇంటర్నెట్ నుంచి అనుమతి లేని ఫైలును దించుకోవడం. ఇక్కడ అమ్మేవాడు కనిపించకపోవచ్చు, డబ్బు చేతులు మారకపోవచ్చు. అయితే ఆ సైటు మీద వచ్చే ప్రకటనల ఆదాయం ఎవరికో ఒకరికి చేరుతూనే ఉంటుంది.

మొదటిదానిలో అమ్మకం దెబ్బతింటుంది. రెండవదానిలో కళాకారుడి ఇష్టానికి భంగం కలుగుతుంది. మూడవదానిలో ఈ రెండూ ఉండవచ్చు. నష్టం ఒకే రకమైనది కానప్పుడు తీర్పు కూడా ఒకే మాటతో చెప్పలేం.

9.3 గుత్తాధిపత్యం, క్యాసెట్, ఊరి దుకాణం

మన దేశంలో గ్రామఫోన్ రికార్డుల వ్యాపారం దశాబ్దాల పాటు ప్రధానంగా ఒకే సంస్థ చేతిలో ఉండేది. హెచ్.ఎం.వి. ముద్రతో మనకు తెలిసిన గ్రామఫోన్ కంపెనీ 1908లో కలకత్తాలోని సియాల్దాలో, 1928లో డమ్‌డమ్‌లో కర్మాగారాలు స్థాపించింది. ఏ పాట రికార్డుకెక్కాలో, ఏది మార్కెట్లో దొరకాలో చాలావరకు ఆ సంస్థ నిర్ణయమే. గ్రామఫోను కొనగల ఇళ్లు కొద్ది. మిగిలినవారికి రేడియో, సినిమా హాలు, తిరునాళ్లలో మైకుసెట్టు మాత్రమే గతి.

ఫిలిప్స్ సంస్థ 1963లో ప్రవేశపెట్టిన క్యాసెట్ 1980 తరువాత మన దేశంలో విస్తరించి ఈ స్థితిని తలకిందులు చేసింది. నకలు తీయడానికి ఇక కర్మాగారం అక్కర్లేదు. రెండు క్యాసెట్లు పట్టే ఒక డెక్కు చాలు. తెలుగు పట్టణాల్లో వీధికొక 'రికార్డింగ్ సెంటర్' వెలిసింది. కావలసిన పాటల చిట్టా రాసి, ఖాళీ క్యాసెట్‌తో ఇస్తే, రెండు రోజుల్లో నింపి ఇచ్చేవారు. చట్టం దృష్టిలో అది ఉల్లంఘనే. ఆ దుకాణం ముందు నిలబడినవారికి మాత్రం, తాము మెచ్చిన పాటను తాము కోరిన వేళ వినగలగడం జీవితంలో అదే మొదటిసారి.

పీటర్ మాన్యుయెల్ అనే పరిశోధకుడు ఉత్తర భారతదేశంలోని ఈ మార్పును అధ్యయనం చేసి 1993లో 'క్యాసెట్ కల్చర్' అనే గ్రంథం ప్రచురించారు. చౌకైన క్యాసెట్ వల్ల పైరసీ పెరిగిందని, అదే క్యాసెట్ వల్ల పెద్ద సంస్థలు పట్టించుకోని ప్రాంతీయ, జానపద సంగీతాలకు మార్కెట్ ఏర్పడిందని ఆయన చూపించారు. మన దగ్గర కూడా బతుకమ్మ పాటలు, ఒగ్గు కథలు, బుర్రకథలు క్యాసెట్లుగా సంతల్లో అమ్ముడుపోయిన సంగతి మీ ఇంట్లో పెద్దవాళ్లను అడిగితే చెబుతారు.

ఇదే కాలంలో చట్టం ఇచ్చిన వెసులుబాటు కూడా ఒకటి ఉంది. అప్పటి సెక్షన్ 52(1)(జె) కింద, నోటీసు ఇచ్చి, రాయల్టీ చెల్లించి, పాత పాటను కొత్త గాయకులతో మళ్లీ రికార్డు చేయవచ్చు. వీటిని 'వర్షన్ రికార్డింగులు' అన్నారు. గుల్షన్ కుమార్ స్థాపించిన టి-సిరీస్ వంటి సంస్థలు ఎదగడానికి ఇవి ఎంతో తోడ్పడ్డాయి. ఇక్కడ పాట రచయితకు, స్వరకర్తకు చట్టం ప్రకారం ఏదో ఒక వాటా ఉంది గాని, మొదట పాడిన గాయకుడికి హక్కంటూ ఏమీ లేదు. ఆ పాటకు ప్రాణం పోసిన గొంతుకు బదులు మరో గొంతు వచ్చినా అడిగే వీలు లేదు.

మీ ప్రగతిని పరీక్షించుకోండి - 1
1. బూట్‌లెగ్‌కు, పైరసీ ప్రతికి గల ముఖ్యమైన తేడా ఏమిటి?
2. క్యాసెట్ వల్ల లాభపడినవారు ఎవరు? నష్టపోయినవారు ఎవరు? ఒక్కొక్క వాక్యంలో రాయండి.

9.4 కళాకారుడి నష్టం ఎక్కడ మొదలైంది?

'ఒక దొంగ క్యాసెట్ కొంటే కళాకారుడి కడుపు కొట్టినట్టే' అనే ప్రచారం మీరు వినే ఉంటారు. ఈ మాట ఎంతవరకు నిజమో లెక్క కట్టి చూద్దాం.

1977లో సుప్రీంకోర్టు ఒక ముఖ్యమైన తీర్పు ఇచ్చింది. ఇండియన్ పర్ఫార్మింగ్ రైట్ సొసైటీకి, ఈస్టర్న్ ఇండియా మోషన్ పిక్చర్స్ అసోసియేషన్‌కు మధ్య నడిచిన వ్యాజ్యం అది. నిర్మాత డబ్బు ఇచ్చి పాట రాయించుకున్నా, బాణీ కట్టించుకున్నా, వేరే ఒప్పందం లేకపోతే ఆ పాటకు మొదటి హక్కుదారు నిర్మాతే అవుతాడని ఆ తీర్పు సారాంశం. అదే వ్యాజ్యంలో జస్టిస్ వి.ఆర్. కృష్ణయ్యర్ విడిగా రాస్తూ, పాడిన గాయకుడికి మన చట్టం ఏ హక్కూ ఇవ్వడం లేదన్న లోపాన్ని ఎత్తి చూపారు. గాయకుల హక్కు చట్టంలోకి రావడానికి 1994 సవరణ దాకా ఆగవలసి వచ్చింది.

ఈ స్థితిలో 1985లో ఒక దొంగ క్యాసెట్ అమ్ముడైందనుకోండి. ఎవరికి నష్టం? ముందుగా సంగీత సంస్థకు. తరువాత, ఆడియో హక్కులకు వచ్చే మొత్తం తగ్గితే, నిర్మాతకు. రచయిత, గాయకుడు అప్పటికే ఒకేసారి ఇచ్చే పారితోషికం తీసుకొని, సంతకం చేసి వెళ్లిపోయారు. అసలు క్యాసెట్ లక్ష అమ్ముడైనా, వెయ్యి అమ్ముడైనా వారిలో చాలామందికి అదనంగా వచ్చేది ఏమీ లేదు. వారి నష్టం ఫుట్‌పాత్ మీద జరగలేదు. ఒప్పందం కాగితం మీదే జరిగిపోయింది.

చట్టం దేనిని కాపాడిందో కూడా చూడండి. 1984లో పైరసీని అరికట్టడానికి కాపీరైట్ చట్టాన్ని సవరించారు. సెక్షన్ 63 కింద ఆరు నెలల నుంచి మూడేళ్ల జైలు, 50,000 రూపాయల నుంచి రెండు లక్షల రూపాయల జరిమానా వచ్చాయి. అప్పుడే చేర్చిన సెక్షన్ 52ఎ ప్రకారం ప్రతి రికార్డు మీద, దాని అట్ట మీద మూడు వివరాలు ఉండాలి: రికార్డు తయారుచేసినవారి పేరు, చిరునామా; కాపీరైట్ హక్కుదారు పేరు, చిరునామా; మొదట ప్రచురించిన సంవత్సరం. ఈ జాబితాలో పాడినవారి పేరు లేదు. హక్కు రాసిచ్చేసిన రచయిత పేరూ లేదు. కవికి తన రచన తనదేనని చెప్పుకొనే హక్కు సెక్షన్ 57లో ఉన్నమాట నిజమే. అయినా, అట్ట మీద తప్పనిసరిగా ఉండవలసింది ఆస్తి యజమాని పేరు మాత్రమే. దొంగ ప్రతి కవి పేరును తుడిచిందని మనం కోప్పడుతున్నాం. అసలు ప్రతి మీద ఆ పేరు ఉండి తీరాలని చట్టం పట్టుబట్టనే లేదు.

ఇందుకు మనకు తెలిసిన ఉదాహరణ తీసుకుందాం. 'గులేబకావళి కథ' (1962) చిత్రానికి పాటలు రాసి సి. నారాయణ రెడ్డి సినీరంగంలో అడుగుపెట్టారు. సంగీతం జోసెఫ్ - కృష్ణమూర్తి. కాని ఆ పాటలు తరువాతి కాలంలో మనకు ఎక్కువగా దొరికింది 'ఎన్.టి.ఆర్. హిట్స్' అనే శీర్షిక కింద, కథానాయకుడి బొమ్మతో. ఇది ఫుట్‌పాత్ సీడీలకే పరిమితమైన అలవాటు కాదు. చట్టబద్ధమైన సంకలనాలూ అదే దారి పట్టాయి. తెర మీద పెదవి కదిపినవారి పేరు నిలిచింది, రాసినవారి పేరు పక్కకు జరిగింది.

9.5 నాప్‌స్టర్ నుంచి మెమొరీ కార్డు దాకా

1999లో షాన్ ఫానింగ్ అనే 18 ఏళ్ల అమెరికన్ యువకుడు నాప్‌స్టర్ అనే కార్యక్రమాన్ని తయారుచేశాడు. ఒకరి కంప్యూటర్లోని పాటను మరొకరు నేరుగా తీసుకోవడానికి అది వీలు కల్పించింది. ఇంకా విడుదల కాని తమ పాట ఒకటి దాని ద్వారా బయటికి పొక్కి రేడియోలో వినిపించడంతో మెటాలికా బృందం 2000 ఏప్రిల్‌లో దావా వేసింది. తమ పాటలను పంచుకున్న మూడు లక్షలకు పైగా వాడుకరుల పేర్ల జాబితాను నాప్‌స్టర్‌కు అందజేసింది. కళాకారుడు తన అభిమానుల మీదే ఫిర్యాదు చేయడం చాలామందికి కటువుగా తోచింది. కాని వారి వాదన కేవలం డబ్బు గురించి కాదు. పూర్తికాని పాటను ఎప్పుడు బయటపెట్టాలో నిర్ణయించుకొనే హక్కు తమదని వారన్నది న్యాయమైన మాటే. కోర్టు ఉత్తర్వుల నేపథ్యంలో 2001 జూలైలో నాప్‌స్టర్ మూతపడింది.

డౌన్‌లోడ్ల వల్ల అమ్మకాలు ఎంత తగ్గాయి? ఇక్కడ ఆర్థికవేత్తలు ఏకాభిప్రాయానికి రాలేదు. ఓబర్‌హోల్జర్-గీ, స్ట్రంఫ్ అనే ఇద్దరు 2007లో ప్రచురించిన పరిశోధనలో ఫైళ్ల పంపిణీ ప్రభావం దాదాపు శూన్యమన్నారు. లీబోవిట్జ్ వంటివారు ఆ పద్ధతిని తప్పుపట్టి, నష్టం పెద్దదేనని వాదించారు. డౌన్‌లోడ్ చేసిన ప్రతివాడూ డబ్బు పెట్టి కొనేవాడే అనుకొని సంస్థలు లెక్కవేస్తే నష్టం కొండంత అవుతుంది. ఎవడూ కొనేవాడు కాదనుకుంటే అసలు లేనట్టే కనిపిస్తుంది. నిజం ఈ రెంటి మధ్య ఉంటుంది. నష్టాల అంకెలను చదివేటప్పుడు, ఆ అంకె వెనుక ఏ ఊహ ఉందో మీరు తప్పక అడగాలి.

అమెరికాలో రికార్డింగు సంస్థల సంఘం 2003 నుంచి వేలాది మంది మామూలు వాడుకరులపై దావాలు వేసింది. అదే సంవత్సరం ఏప్రిల్‌లో ఆపిల్ సంస్థ పాటను 99 సెంట్లకు అమ్మే దుకాణం తెరిచింది. భయపెట్టడం కంటే సులభమైన దారి చూపడమే శ్రోతలను ఎక్కువగా మార్చిందని తరువాతి చరిత్ర సూచిస్తుంది. మన దగ్గర అలాంటి దుకాణం చాలామందికి అందుబాటులో లేని కాలంలో, ఆ ఖాళీని ఉచిత సైట్లు, సెల్‌ఫోన్ రీచార్జ్ దుకాణాలు నింపాయి. మెమొరీ కార్డు ఇస్తే వందల పాటలు ఎక్కించి ఇచ్చేవారు. విదేశాల్లో ఉన్న తెలుగువారికి క్యాసెట్ దుకాణమే లేనప్పుడు ఆ సైట్లే ఊరి గాలిని మోసుకెళ్లాయి. ఈ అవసరాన్ని గుర్తించకుండా 'దొంగలు' అనేస్తే విమర్శ పూర్తి కాదు.

9.6 బూట్‌లెగ్: అడిగి చేసినది, అడగక చేసినది

1969లో బాబ్ డిలాన్ విడుదల చేయని పాటలతో 'గ్రేట్ వైట్ వండర్' అనే అనధికార రికార్డు అమెరికాలో బయటికొచ్చింది. కళాకారుడు పక్కన పెట్టిన పాటలను అతడి ఇష్టం లేకుండా అమ్మారు. 1991 నుంచి డిలాన్ సంస్థే 'బూట్‌లెగ్ సిరీస్' పేరిట అటువంటి రికార్డింగులను అధికారికంగా విడుదల చేస్తోంది. గ్రేట్‌ఫుల్ డెడ్ బృందం 1984లో కచేరీలో టేపు చేసుకొనేవారికి ప్రత్యేక స్థలమే కేటాయించింది. పంచుకోండి, అమ్మకండి అన్నది వారి ధోరణి.

మన కర్ణాటక సంగీత రసికులు కూడా కచేరీలను టేపు చేసి, ఒకరికొకరు అరువిచ్చుకొని, ఎన్నో గొప్ప కచేరీలను కాపాడారు. ఏ సంస్థా విడుదల చేయని పాటకచేరీని ఈ రోజు వినగలుగుతున్నామంటే ఆ టేపుల పుణ్యమే. ఆ టేపు అట్ట మీద సాధారణంగా గాయకుడు, వయొలిన్, మృదంగం, ఊరు, తేదీ చేతిరాతతో ఉంటాయి. చట్టపరంగా సందేహాస్పదమైన ఈ ప్రతి, పేర్ల విషయంలో మాత్రం ఎన్నో చట్టబద్ధమైన సంకలనాల కంటే నిజాయతీగా ఉంది. పంచుకొనేవాడికి ఆ సంగీతం మీద గౌరవం ఉందా లేదా అన్నది ఇక్కడే తెలిసిపోతుంది. గౌరవం ఉన్నంత మాత్రాన అనుమతి అవసరం తీరదన్నదీ గుర్తుంచుకోండి. గొంతు బాగోలేని రోజున పాడిన కచేరీ లోకమంతా తిరగడం ఏ విద్వాంసుడికీ ఇష్టముండదు.

మీ ప్రగతిని పరీక్షించుకోండి - 2
1. సెక్షన్ 52ఎ ప్రకారం రికార్డు మీద ఉండవలసిన వివరాలు ఏవి?
2. డౌన్‌లోడ్ల నష్టాన్ని లెక్కకట్టడంలో ఇబ్బంది ఎక్కడ వస్తుంది?

9.7 2012 తరువాత మారిన లెక్క

ఇంతవరకు చదివి, 'ఒప్పందమే అన్యాయం కాబట్టి పైరసీ తప్పు కాదు' అని మీరు అనుకొనే అవకాశముంది. ఆ తీర్మానం నిలవదు. దానికి మూడు కారణాలున్నాయి.

మొదటిది, 2012 కాపీరైట్ సవరణ. జావేద్ అఖ్తర్ వంటి రచయితలు గట్టిగా కృషి చేసిన ఈ సవరణ 2012 జూన్ 21న అమలులోకి వచ్చింది. సినిమా హాల్లో చిత్రంతోపాటు ప్రదర్శించడం మినహా, పాటను ఇతర మార్గాల్లో వాడుకున్నప్పుడు వచ్చే రాయల్టీలో రచయితకు, స్వరకర్తకు సమాన వాటా దక్కాలి. ఆ వాటాను సంస్థకు రాసివ్వడం చెల్లదు. గాయకులకూ రాయల్టీ హక్కు, తమ పేరు చెప్పుకొనే హక్కు వచ్చాయి. కాగితం మీద వచ్చిన ఈ హక్కు అందరి చేతికీ సక్రమంగా అందుతోందా అన్నది వేరే పోరాటం. అయినా లెక్క మారింది. 1985 నాటి దొంగ క్యాసెట్ రచయిత జేబును నేరుగా తాకలేదు. ఈనాటి అనధికార డౌన్‌లోడ్ తాకుతుంది. వాటా సగమైనా, పావు అయినా, రాబడి సున్నా అయితే వచ్చేది సున్నాయే.

రెండవది, అందరు కళాకారులూ సినిమా కళాకారులు కారు. సొంత ఖర్చుతో పాట రికార్డు చేసుకొని, తానే అమ్ముకొనే జానపద గాయకుడికి పారితోషికం ఇచ్చే నిర్మాత లేడు. పెద్ద సంస్థ నూరు పాటల్లో ఒకటి పోయినా తట్టుకుంటుంది, వకీలును పెట్టుకుంటుంది. అతడికి ఉన్నది ఆ ఒక్క పాటే. గుత్తాధిపత్యాన్ని పగలగొట్టి అతడికి దారి చూపిన క్యాసెట్టే, నకలుగా మారి అతడి అమ్మకాన్ని తినేయగలదు.

మూడవది, శ్రోతకు జరిగే నష్టం. దీన్ని ఎవరూ లెక్కలోకి తీసుకోరు. వందల పాటలు ఒక్కసారిగా కార్డులో పడినప్పుడు, ఏది ఆత్రేయ రాసిందో, ఏది దాశరథి రాసిందో తెలుసుకొనే దారి మూసుకుపోతుంది. పేరు తెలిస్తే ఆ కవి మరో పాటను వెతుకుతాం, అతడి పుస్తకం చదువుతాం, అతడి తీరు గుర్తుపడతాం. పేరు లేని పాట అక్కడితో ఆగిపోతుంది. ఫైలును కుదించినప్పుడు ధ్వని నాణ్యత తగ్గుతుందని మనకు తెలుసు. జ్ఞాపకమూ అలాగే కుదించుకుపోతుంది.

ఈనాడు చాలామంది డౌన్‌లోడ్ మాని, నెల చందా కట్టో, ప్రకటనలు భరించో యాప్‌లలో వింటున్నారు. చట్టం దృష్టిలో ఇది సక్రమమే. కాని పాట మోగుతున్నప్పుడు తెర మీద గీత రచయిత పేరు వెంటనే కనిపిస్తోందా? లేదా రెండు మూడు చోట్ల నొక్కితే గాని దొరకడం లేదా? మీరే పరీక్షించండి. డబ్బు చెల్లించినంత మాత్రాన కళాకారుడికి మన బాకీ తీరిపోదని ఈ చిన్న పరీక్ష చెబుతుంది.

9.8 సారాంశం

అనుమతి లేని ప్రతి తప్పే. కాని ఆ తప్పును కళాకారుడి పేరు చెప్పి ఖండించే ప్రతివారినీ ఒక ప్రశ్న అడగాలి: మీరు అమ్మే ప్రతిలో ఆ కళాకారుడి వాటా ఎంత? అతడి పేరు ఎక్కడ? ఈ ప్రశ్నకు జవాబు చెప్పలేని సంస్థ, పేరు తుడిచేసిన సైటు, ఒకే పనిని రెండు విధాలుగా చేస్తున్నాయి. క్యాసెట్, డౌన్‌లోడ్ శ్రోతకు అందుబాటును, చిన్న కళాకారుడికి దారిని ఇచ్చాయన్నది నిజం. 2012 తరువాత వాటి భారం రచయిత, గాయకుల మీద నేరుగా పడుతోందన్నదీ అంతే నిజం. గౌహర్ జాన్ పాట చివర తన పేరు తానే చెప్పుకొన్నారు. అందరికీ ఆ అవకాశం లేదు. మిగిలినవారి పేర్లు చెప్పవలసింది వినేవాళ్లమే.

9.9 నమూనా ప్రశ్నలు

I. కింది ప్రశ్నలకు 30 పంక్తులలో సమాధానాలు రాయండి.
1. 'కళాకారుడి నష్టం ఫుట్‌పాత్ మీద కాదు, ఒప్పందం కాగితం మీద జరిగింది.' ఈ అభిప్రాయాన్ని విమర్శనాత్మకంగా పరిశీలించండి.
2. 2012 సవరణకు ముందు, తరువాత పైరసీ ప్రభావాన్ని పోల్చండి.

II. కింది ప్రశ్నలకు 10 పంక్తులలో సమాధానాలు రాయండి.
1. వర్షన్ రికార్డింగులు
2. కచేరీ టేపుల వల్ల కలిగిన మేలు, కీడు

III. అభ్యాసం
మీకు బాగా ఇష్టమైన ఐదు పాటలు ఎంచుకోండి. ప్రతి పాటకు రచయిత, స్వరకర్త, గాయకుల పేర్లు చూడకుండా రాయండి. తరువాత సరిచూసుకోండి. ఎన్ని తెలియలేదో, ఎందుకు తెలియలేదో ఒక పేజీలో రాసి, మీ అధ్యయన కేంద్రంలో తరగతి జరిగే రోజున చర్చించండి.